తీర్మానించడమైనది

పంచాయతీ తీర్మానాల పుస్తకం మొదటి పేజీలో ఒక వాక్యం ఉంటుంది. ఈ పుస్తకమునందు ఒకటి మొదలు రెండు వందల వరకు పేజీలు గలవని ధ్రువీకరించడమైనది అని. కింద సంతకం, గుండ్రటి సీలు. పేజీ చిరిగితే మెమో వస్తుంది. పేజీలో అబద్ధం ఉంటే రాదు. ఉత్తరాంధ్రలో పాతికేళ్లకు పైగా పంచాయతీ ఉద్యోగం చేసి అలాంటి పుస్తకాలు ఎన్నింటికో నా చేత్తో అంకెలు వేశాను. అందులో ఒక ఊరి పుస్తకం గురించి ఇప్పుడు రాస్తున్నాను. ఊరి పేరు రాయను. జరిగినదాంట్లో కొంత నా తప్పు, కొంత ఇంకా ఆ ఊళ్లోనే తిరుగుతున్నవాళ్ల తప్పు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు పని నేర్పిన పెద్ద గుమస్తా ఒకాయన ఉండేవారు. నశ్యం అలవాటు. మొదటిసారి సమావేశంలో కూర్చున్నప్పుడు ఎవరు ఏమంటే అది రాసుకుంటూ పోయాను. ఆరు పేజీలయింది. ఆయన తిరగేసి, "హరికథ రాసుకొచ్చావేమయ్యా?" అన్నారు. "మాట్లాడింది రాయకు. తేలింది రాయి."

"తేలకపోతేనండీ?"

"వాయిదా."

"మరి కొట్లాడుకుంటే?"

ఆయన తాపీగా పట్టు పీల్చి, "చర్చించి అని రాస్తావు కదా, కొట్లాటంతా అందులోకి వచ్చేస్తుంది" అన్నారు.

ఆ ఒక్క మాటతో నా ఉద్యోగం గడిచిపోయింది. 'చర్చించి, ఏకగ్రీవంగా తీర్మానించడమైనది.' బడిలో వాక్యానికి కర్త, కర్మ, క్రియ ఉండాలని నేర్పారు. ఈ వాక్యంలో కర్త కనబడడు. ఎవరు తీర్మానించారు? సర్పంచా, సభ్యులా, సర్పంచి వెనక కుర్చీ వేసుకుని కూర్చున్న ఆయన బావమరిదా? ఆడిట్‌కి వచ్చినవాళ్లు రూపాయి అర్ధ రూపాయి తేడా పట్టుకున్నారు గానీ, ఈ కర్త ఏడని ఒక్కరూ అడగలేదు.

మా సమావేశాలు ఎలా జరిగేవో చెప్పాలి. 1994 పంచాయతీరాజ్ చట్టం వచ్చాక, 1995 ఎన్నికలతో వార్డుల్లో మూడోవంతు ఆడవాళ్లు సభ్యులయ్యారు. కుర్చీల్లో మాత్రం చాలాకాలం వాళ్ల భర్తలే కూర్చున్నారు. సమావేశం అయ్యాక మా బిల్లు కలెక్టరు పుస్తకం చంకలో పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, వంటింటి గడపలో సంతకాలు పెట్టించుకొచ్చేవాడు. కొన్ని సంతకాల పక్కన పసుపు మరక ఉండేది. ఆ మరకల్ని చూసే ఆ సంతకం నిజంగా ఆవిడే పెట్టిందని నాకు నమ్మకం కుదిరేది.

గ్రామసభ అయితే దండోరా వేయించేవాళ్లం. జనం పింఛన్ల జాబితా కోసం, రేషను కార్డుల కోసం వచ్చేవాళ్లు. తమ పేరు చదివేదాకా ఉండి, చదవగానే లేచిపోయేవాళ్లు. వాళ్లను తప్పు పట్టను. కూలి మానుకుని వచ్చిన మనిషికి పేరు వినబడ్డమే పెద్ద పని. రోడ్డు, నీళ్లు, లేఅవుటు లాంటివి జాబితాల తరవాత వచ్చేవి. అప్పటికి జంపఖానా మీద మిగిలేది పాతికమంది, నాలుగు మేకపిల్లలు.

అలాగని గట్టి చర్చలు జరగలేదనుకోవద్దు. ఒక వీధికి సిమెంటు రోడ్డు వేసినప్పుడు మురుగుకాలువ ఎవరి గోడవైపు తీయాలన్నది మూడు సమావేశాలు నడిచింది. తూర్పు వరసలో అన్న, పడమటి వరసలో తమ్ముడు. మొదటి సమావేశంలో తండ్రి ఆస్తి పంపకాల కాగితం తెచ్చారు. రెండోదానికి వాస్తు సిద్ధాంతిని తెచ్చారు. మూడోసారి కర్రలు తెచ్చారు. చివరికి కాలువ రోడ్డు నడిమధ్యలోంచి తీయాలని తేలింది. 'చర్చించి, ఏకగ్రీవంగా' అని రాశాను. ఈనాటికీ ఆ వీధిలో ఎడ్లబండి వెళ్లాలంటే కాలువను చక్రాల మధ్యకు తెచ్చుకుని వెళ్లాలి. మోటారు సైకిళ్లవాళ్లు అటో ఇటో తేల్చుకోవాలి.

ఆ ఊరికి తూర్పున ఒక గెడ్డ ఉంది. కొండల మీంచి దిగి, రెండు చెరువుల్ని నింపి, మిగిలింది దిగువ ఊళ్లకు వెళ్తుంది. శివరాత్రి దాటితే ఇసకే. పిల్లలు అందులో బంతాట ఆడతారు, ఎండు మిరపకాయలు ఆరబోస్తారు, పెళ్లిళ్లకు షామియానా కూడా వేస్తారు. తొలకరి పడ్డాక నాలుగైదు రోజులకు, ఊళ్లో వాన లేకపోయినా సరే, ఒక రాత్రి చప్పుడవుతుంది. కొండమీద కురిసిందన్నమాట. తెల్లారేసరికి ఇటు మనిషి అటు దాటడానికి ఉండదు. నేను ఆ ఊరికి బదిలీ మీద వచ్చింది వేసవిలో. ఇసక చూసి ఇది పాత బండ్లదారి అనుకున్నాను. అద్దె ఇంటి గోడ మీద నడుమెత్తున నీటి గుర్తు చూపించి ఇంటాయన నవ్వాడు.

2008లో టపాలో ఒక లావుపాటి పుస్తకం వచ్చింది. స్పైరల్ బైండింగు, అంతా ఇంగ్లీషు. గెడ్డను ఆనుకుని ఉన్న మెట్టభూముల్లో మందుల ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీ పెడతామని ఒక కంపెనీ దరఖాస్తు చేసింది. పర్యావరణ అనుమతి కావాలంటే, 2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం, ముందు స్థానికంగా ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి. నివేదిక జనానికి అందుబాటులో ఉండాలి. అందుకని ఒక కాపీ మా బీరువాకెక్కింది. నెల రోజుల్లో దానికోసం వచ్చినవాళ్లు ఇద్దరు. ఒకరు రిటైరైన సైన్సు మాస్టారు. రెండోది పుస్తకానికి వేసుకోవడానికి అట్ట అడిగిన బడిపిల్లాడు.

దానితోపాటు తెలుగులో ఒక సారాంశం కూడా పంపారు. అది ఏ తెలుగో చదివినవాళ్లకే తెలియాలి. 'శూన్య ద్రవ ఉత్సర్గము' అని ఉంది. అంటే మురుగునీరు ఒక్క చుక్క కూడా బయటికి వదలరని అర్థమట, మాస్టారు ఇంగ్లీషు పుస్తకంలో చూసి చెప్పారు. ఇంకోచోట 'ప్రతిపాదిత స్థలమునకు సమీపమున ఋతుసంబంధమైన నాలా కలదు' అని ఉంది. మా ఊళ్లో నాలా అంటే అప్పటికి ఒకటే అర్థం. పంటపొలాన్ని ప్లాట్లుగా మార్చుకోవడానికి ఆర్డీవో ఆఫీసులో కట్టే రుసుం. 2006లో వచ్చిన భూమార్పిడి చట్టాన్ని జనం పొడి అక్షరాల్లో అలాగే పిలిచేవాళ్లు. సర్పంచిగారు ఆ వాక్యం చదివి కంగారుపడ్డారు. "అప్పుడే నాలా కూడా కట్టీసినారేటండీ?" అన్నారు. అది మన గెడ్డేనండీ అని చెబితే ఆయన మళ్లీ చదివి, "మన గెడ్డకి ఇంత పేరుందేటి?" అన్నారు.

సభ హైస్కూలు మైదానంలో. పొద్దున్న తొమ్మిదికే పోలీసులు వెదురు బొంగులు కట్టారు. ఎక్కడివో నాలుగు బస్సులు వచ్చాయి. దిగినవాళ్లలో చాలామందిని నేను ఆ ఊళ్లో ఏనాడూ చూడలేదు. పులిహోర పొట్లాలు, మజ్జిగ ప్యాకెట్లు. వేదిక మీద జిల్లా నుంచి వచ్చిన పెద్దాఫీసరు, మరికొందరు అధికారులు, కంపెనీ తరఫువాళ్లు, నివేదిక తయారుచేసిన కన్సల్టెంటు. మా సర్పంచికి వేదిక మీద కుర్చీ లేదు. ముందు వరసలో వేశారు. ఆయన ఆ రోజంతా దాని గురించే మథనపడ్డారు.

పెద్దాఫీసరు మొదట్లోనే చెప్పారు. ఇది ఓటింగు కాదు, చేతులెత్తడం ఉండదు, ఎవరి అభిప్రాయం వాళ్లు చెప్పండి, ఢిల్లీకి పంపుతాం, అక్కడ నిపుణుల కమిటీ చూస్తుంది. ఈ సభకు కోరం కూడా అక్కర్లేదు. పదిమంది వచ్చినా జరిగినట్టే. పంచాయతీ సమావేశంలో వీధిదీపం బల్బు మార్చాలంటే కోరం కావాలి, నాకు అలవాటైన లెక్క అది. పక్కనున్న వార్డు మెంబరు నా చెవిలో, "ఓటు నేనప్పుడు ఎందుకు పిలిసినారు మరి?" అన్నాడు. నేను ఉద్యోగిని కనక వినబడనట్టు ఊరుకున్నాను.

మొదటి ఇరవైమంది పేర్లు ముందే చీటీ మీద ఉన్నాయి. ఫ్యాక్టరీ రావాలి, ఉద్యోగాలు రావాలి, ఊరు బాగుపడాలి. ఒక కుర్రాడు కాగితం చూసి చదువుతూ మధ్యలో పక్క మండలం ఊరి పేరు చదివేశాడు. అయితే అందరూ అద్దె గొంతులని నేననను. మా ఊరి డిగ్రీ కుర్రాళ్లిద్దరు మైకు తీసుకుని, పొద్దున్నే సైకిలు మీద పట్నం వెళ్లి రాత్రి తిరిగొచ్చే బతుకు ఎన్నాళ్లని అడిగారు. వాళ్లలో ఒకడి తండ్రి గోవాలో చేపల బోటు మీద పనిచేసి చెయ్యి పోగొట్టుకుని వచ్చాడు. వాళ్లు అడిగింది న్యాయమే. తరవాత పట్నం నుంచి వచ్చిన ఒక వకీలు పావుగంట మాట్లాడారు. సెక్షన్లు చెప్పారు. వేదిక మీదివాళ్లు రాసుకున్నారు, కిందివాళ్లు మజ్జిగ తాగారు.

పన్నెండు దాటాక, చీటీలో పేరు లేని ఒక మామ్మ లేచింది. నాలుగు గేదెలు, ఊళ్లో పది ఇళ్లకు పాలు పోస్తుంది. మా ఇంటికీ ఆవిడే. మైకు పట్టుకోవడం రాక దాన్ని సొరకాయలా ఎత్తి పట్టుకుంది.

"ఏ నెల్లో కొలిసినారు బాబూ మా గెడ్డని?" అంది.

కన్సల్టెంటు చదువుకున్న కుర్రాడు, మర్యాదస్తుడు. లేచి నిలబడి చెప్పాడు. "మార్చి నుంచి మే వరకు అండీ. వర్షాకాలం కాని ఒక సీజన్‌లో వివరాలు తీసుకోవాలని నిబంధన."

"ఎండల్లోన సూసి గెడ్డలో నీరు నేదని రాసీసినారా?"

"నిబంధన అలా ఉందండీ."

"అయితే బాబూ, మా కోడలు పురిటికి పుట్టింటికెల్లినప్పుడు వొచ్చి, ఈ ఇంటికి కోడలే నేదని రాసుకెల్తారేటి?"

మైదానం అంతా గొల్లుమంది. బస్సుల్లో వచ్చినవాళ్లూ నవ్వారు. పోలీసులు నవ్వారు. పెద్దాఫీసరు కర్చీఫు అడ్డం పెట్టుకున్నారు. కన్సల్టెంటు కుర్రాడి ముఖం ఎర్రబడింది గానీ అతనూ నవ్వాడు. మామ్మ మాత్రం నవ్వలేదు. మైకు పక్కవాడికిచ్చి, గేదెలకు నీళ్లు పెట్టాలని వెళ్లిపోయింది.

ఆ నోటిఫికేషన్‌లో మంచి నిబంధన ఒకటుంది. సభ ముగిసేటప్పుడు, అందరూ ఏమన్నారో రాసినదాన్ని అక్కడికక్కడే జనానికి వాళ్ల భాషలో చదివి వినిపించాలి. ఆ రోజే సంతకం పెట్టాలి. నా రాత గుండ్రంగా ఉంటుందని తెలుగు ప్రతి నన్ను రాయమన్నారు. సాయంత్రం నాలుగున్నరకు హెడ్మాస్టరు గదిలో ఫ్యాను కింద కూర్చుని ఒక అధికారి చెబుతుంటే రాశాను. మామ్మ వంతు వచ్చింది. ఆయన ఒక క్షణం ఆగి, "నీటి వనరుల విషయమై ఒక మహిళ సందేహము వెలిబుచ్చగా ప్రాజెక్టు ప్రతినిధి తగు వివరణ ఇచ్చిరి" అన్నారు. నేను రాశాను. ఆయన చెప్పేలోపే 'తగు వివరణ' వరకూ వెళ్లిపోయాను, అంత అలవాటు. మా పెద్ద గుమస్తాగారు వింటే మెచ్చుకునేవారు. ఆ వాక్యంలో అబద్ధం ఏముంది? సందేహమే కదా అడిగింది, వివరణే కదా ఇచ్చాడు.

చదివి వినిపించేటప్పటికి మైదానంలో నలభైమంది కూడా లేరు. బస్సులు వెళ్లిపోయాయి. వీడియో తీసిన కుర్రాడు ట్రైపాడు మడుస్తున్నాడు. నేను చదువుకుంటూ పోతున్నాను. ఆ వాక్యం దాటి తరవాతిది అందుకునేలోపు సైన్సు మాస్టారు లేచారు.

"ఆవిడ సందేహం వెలిబుచ్చలేదండీ. నెల అడిగింది. ఏ నెల అని చెప్పారో అది రాయండి."

ఒక అధికారి విసుక్కున్నారు. సారాంశమే రాస్తాం, ప్రతి మాటా రాయలేం అన్నారు. మాస్టారు కూర్చోలేదు. "సారాంశంలో నెల పోతే సారం పోయిందండీ" అన్నారు. పెద్దాఫీసరు నావైపు తిరిగి, "ఏమన్నారావిడ? మీరు రాసుకున్నారా?" అని అడిగారు.

రాసుకున్నాను. పాలచీటీ వెనక, జేబులో ఉంది. ఉద్యోగంలో చేరిననాడు ఆరు పేజీలు రాసిన అలవాటు పూర్తిగా చావలేదేమో. తీసి చదివాను. కోడలి మాట వచ్చేసరికి గొంతు తగ్గించాను, అది అల్లరిగా ఉంటుందని. పెద్దాఫీసరు విని, రాయండి అన్నారు. వరసల మధ్య ఖాళీలో చిన్న అక్షరాలతో ఇరికించాను. 'వివరములు మార్చి, మే నెలల మధ్య సేకరించినందున వర్షాకాలపు గెడ్డ ప్రవాహము నివేదికలో లేదని ఒక మహిళ ఆక్షేపించిరి.' పక్కన ఆయన పొడి సంతకం పెట్టారు. కోడలు మాత్రం రికార్డుకు ఎక్కలేదు.

నిబంధన ప్రకారం ఆ కాగితాలు పంచాయతీ ఆఫీసు నోటీసు బోర్డులో పెట్టాలి. మైదాపిండి జిగురుతో నేనే అంటించాను. తొలకరి జల్లుకు సిరా కారి, రెండో పేజీ ముప్పాతిక వంతు నీలమయింది.

ఫ్యాక్టరీ రాలేదు. మామ్మ ప్రశ్న వల్ల రాలేదని మాస్టారు నమ్మేవారు. ఢిల్లీ కమిటీ ఏవో అదనపు వివరాలు అడిగిందని ఒకరు, భాగస్వాములు విడిపోయారని ఒకరు, భూమి రేటు పెరిగిందని ఒకరు. పంచాయతీకి ఎవరూ చెప్పలేదు. రమ్మన్నప్పుడు సభ పెట్టారు గానీ, పోయేటప్పుడు సభ పెట్టాలని నోటిఫికేషన్‌లో లేదు.

ఈలోగా 2010 జులై 14న శ్రీకాకుళం జిల్లా సోంపేటలో పోలీసు కాల్పులు జరిగాయి. థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని, అది నీళ్లు నిలిచే బీల అని అక్కడి రైతులు, మత్స్యకారులు మొదట్నుంచీ చెబుతూ వచ్చారు. కాల్పుల్లో మనుషులు పోయారు. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టుకిచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. ఆ రెండు వార్తలూ ఒకే పేపర్లో చదివి, నేను చాలాసేపు పేపరు మడవలేదు. ఆ బీల గురించి కూడా ఎవరో ఒక ఆఫీసులో కూర్చుని, గుండ్రటి రాతతో, ఒక వాక్యం రాసే ఉంటారు కదా అనిపించింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో కాకరాపల్లిలోనూ కాల్పులు. ఆ తరవాత మా వైపు ఏ సభ పెట్టినా వెదురు బొంగులు రెండు వరసలయ్యాయి.

మా ఊళ్లో ఆ మెట్టభూములు చేతులు మారాయి. 2011 మార్చిలో లేఅవుటు దస్త్రం వచ్చింది. పాలకవర్గానికి ఆగస్టుతో గడువు తీరిపోతుంది, ఎన్నికలెప్పుడో తెలియదు (రెండేళ్ల తరవాత, 2013 జులైలో గానీ జరగలేదు). గడువు దగ్గర పడ్డప్పుడు లేఅవుట్లు రావడం మామూలే. ఫ్యాక్టరీకైతే నోటిఫికేషను, 30 రోజులు, షామియానా, పోలీసులు కావాలి. ఆ పాటి చిన్న లేఅవుటుకు అవేమీ అక్కర్లేదు. పర్యావరణ అనుమతి అడిగే విస్తీర్ణం వేరే లెక్క, 50 హెక్టార్లు దాటాలి. సాంకేతిక మంజూరు పై ఆఫీసుది. మాది తీర్మానం.

ఎజెండాలో ఏడో అంశం. ఆరోది వీధిదీపాలు. ప్లాను బల్ల మీద పరిచారు. పది శాతం ఖాళీస్థలం పంచాయతీకి వదలాలి కదా, దాన్ని సరిగ్గా గెడ్డ ఒడ్డున, ఇసక మేటల మీద చూపించారు. గెడ్డను రెండు చుక్కల గీతల మధ్య 'డ్రెయిన్' అని రాశారు. రోడ్డు దాన్ని దాటే చోట రెండు సిమెంటు తూములు.

నేను అడిగాను. అడగలేదని ఎవరూ అనకూడదు. "ఇది డ్రెయిను కాదండీ, గెడ్డ. రెండు తూములు చాలవు."

లేఅవుటు వేసే పెద్దమనిషి నవ్వుతూ చెప్పాడు. "సెక్రటరీగారూ, రండి, ఇప్పుడే వెళ్లి చూద్దాం. ఒక్క చుక్క ఉంటే చూపించండి."

మార్చి నెల. బయట ఎండ దంచేస్తోంది.

నాకు మామ్మ ప్రశ్న గుర్తొచ్చిందని రాస్తే బాగుంటుంది. రాలేదు. ఆ పూట నాకు గుర్తున్నది జిల్లా ఆఫీసుకు పంపాల్సిన ఇంటిపన్ను వసూళ్ల పట్టిక. సర్పంచిగారు అందరివైపూ చూశారు. ఎవరో, కానీయండి అన్నారు. పది నిమిషాలు కూడా పట్టలేదు. అన్నదమ్ముల మురుగుకాలువకు మూడు సమావేశాలు పట్టిన గదిలోనే, అదే బల్ల మీద. పుస్తకం దగ్గరకు లాక్కుని, 'సదరు ప్లాను పరిశీలించి, చర్చించి, ఏకగ్రీవంగా ఆమోదించడమైనది' అని రాశాను. ప్లాను పరిశీలించిన మాట నిజమే. గెడ్డ మీద నేనన్నది 'చర్చించి'లో ఉంది.

నాలుగు రోజులకు మామ్మ పాలు పోస్తూ అడిగింది. "రాల్లు పాతీసినారేటి బాబూ గెడ్డకాడ?"

"ప్లాట్లమ్మా."

"గెడ్డలోకి వొచ్చీసినాయా?"

"పక్కన."

ఆవిడ చెంబు వంచి కొసరు పాలు పోసింది. రోజూ పోసేంత కొసరే. నేను గిన్నె లోపలికి తీసుకెళ్లాను.

2013లో నేను రిటైరయ్యాను. ఆ ఏడాదే, మా సరిహద్దు దాటితే వచ్చే ఒడిశా రాయగడ జిల్లాలోను, దాని పక్క కలహండి జిల్లాలోను, నియమగిరి బాక్సైట్ గని మీద 12 పల్లెల్లో గ్రామసభలు జరిగాయి. సుప్రీంకోర్టు చెబితే, జిల్లా జడ్జి కూర్చుని చూస్తుండగా జరిగాయవి. పన్నెండు పల్లెలూ వద్దన్నాయి. టీకొట్టు దగ్గర కుర్రాళ్లు అడిగారు, మనకూ అలాంటి సభ ఎందుకు పెట్టలేదని. అక్కడ అటవీ హక్కుల చట్టం ఉంది, కొండజనం దేవుడి కొండ అది, మనది జిరాయితీ మెట్ట అని ఏదో చెప్పాను. చెప్పింది తప్పు కాదు. నాకు లోపల కుతూహలం మాత్రం వేరే. ఆ పన్నెండు సభల్లో మినిట్స్ ఎవరు రాశారు? వాళ్ల పక్కన కూర్చుని, హరికథ వద్దు, తేలింది రాయి అనేవాళ్లు ఎవరూ లేరా?

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను. విశాఖ మీద విరుచుకుపడ్డ గాలి సంగతి అందరికీ తెలుసు. మాకు గాలి కంటే నీళ్లు పెద్ద కథ. కూలిన తాటిదుంగలు, రేకులు, ఎవరిదో పశువులశాల కప్పు గెడ్డలో కొట్టుకొచ్చి ఆ రెండు తూములకు బిరడాల్లా పడ్డాయి. గెడ్డ పాతదారి వెతుక్కుంది. పార్కు అని బోర్డు పెట్టిన ఖాళీస్థలం మీంచి, ప్లాట్ల రాళ్ల మీంచి, అవతలి వరిచేలలోకి పోయింది. లేఅవుటులో అప్పటికి కట్టిన ఇళ్లు ఐదారే. అందులో ఒకటి, చెయ్యి పోగొట్టుకుని వచ్చిన ఆ గోవా మనిషి కొడుకు బ్యాంకు లోనుతో కట్టుకున్నది. ఫ్యాక్టరీ కావాలని మైకులో అడిగిన కుర్రాడే. పొట్టదశలో ఉన్న వరి పదిరోజులు నీళ్లలో నిలబడింది. కరెంటు ఎన్నో రోజులు లేదు. చీకట్లో ఆ చప్పుడు వింటూ పడుకున్నాను. నా అద్దె ఇంటి గోడ మీద పాత గుర్తుకు పైన జానెడు ఎత్తున కొత్తది పడింది.

మామ్మ గేదెలు బతికాయి. ఆవిడ ముందురోజే వాటిని మెట్టమీదికి తోలేసింది. గడ్డివాము పోయింది.

మరుసటి ఏడాది, ఆ బ్యాంకు లోను కుర్రాడు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాడు. 2008 ప్రజాభిప్రాయ సేకరణ మినిట్స్ నకలు, 2011 మార్చి లేఅవుటు తీర్మానం నకలు. అప్పటి పంచాయతీ కార్యదర్శి కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయి. నాకు ఫోన్ చేసి, "సార్, ఒకసారి ఆఫీసుకి రాగలరా, ఒకచోట చదవడం రావట్లేదు" అంది.

వెళ్లాను. అదే బల్ల. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టింది. వరసల మధ్య ఇరికించిన వాక్యం మీద వేలు పెట్టి, "ఇక్కడ సార్" అంది. జిరాక్సులో అక్షరాలు అలుక్కుపోయాయి. నేను చదివాను. ఆ అమ్మాయి పెన్సిలుతో రాసుకుంది.

"ఆక్షేపించిరి అన్నారు. అసలేం అన్నారు సార్ ఆవిడ?"

కోడలి సంగతి చెప్పాను. పగలబడి నవ్వింది. నవ్వు ఆగాక రెండో కాగితం జరిపి, "ఇదీ మీ రాతేనా సార్?" అని అడిగింది.

"అవునమ్మా."

రెండింటినీ కాసేపు చూసింది. ఇంకేం అడగలేదు. మినిట్స్ రెండు పేజీలు, తీర్మానం ఒక పేజీ. పేజీకి రెండు రూపాయల చొప్పున ఆరు రూపాయలకు రసీదు రాసింది.